కొత్త 43 అంగుళాల టీవీ కన్నా పాత డబ్బా టీవీలోనే బొమ్మ బాగుందంటున్నారు నాన్న, డిష్ బాక్స్ ఎలా కలపాలి?

గోదావరి_గట్టు | జనవరి 10, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు, నేను ఉండేది బెంగళూరులో. పండక్కి వారం ముందే వచ్చి నాన్నకి 43 అంగుళాల ఫోర్‌కే టీవీ కొన్నాను, పాత 21 అంగుళాల డబ్బా టీవీని అటక ఎక్కించాం. షాపు కుర్రాడు వచ్చి గోడకి బిగించి, డిష్ బాక్స్ వైర్లు గుచ్చి, బొమ్మ రాగానే చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. అప్పుడు మొదలైంది గోల. మొహాలన్నీ మైనం పూసినట్టున్నాయి, న్యూస్‌లో కింద పరిగెత్తే అక్షరాల అంచున చీమలు పాకినట్టు చుక్కలు, యాంకరమ్మ చీర అంచు గీతల మీద ఏవేవో రంగులు మిణుకుమిణుకుమంటున్నాయి.

నాన్న రెండు రోజులు ఏమీ అనలేదు. ఇవాళ భోజనాల దగ్గర మెల్లగా "పాతది ఎవరికీ ఇచ్చేయలేదు కదా?" అన్నారు.

బాక్స్ హెచ్‌డీ బాక్సే, మూడేళ్ల కిందట తీసుకున్నది. డిష్ కాస్త తిప్పితే బొమ్మ తేటగా వస్తుందని పక్కింటాయన నిచ్చెన కూడా తెచ్చి గోడకి ఆనించాడు. ఎక్కించమంటారా? భోగి లోపల తేల్చాలి నేను.

మెకానిక్_మావ | జనవరి 10, రాత్రి 9:58

ముందు ఆ నిచ్చెన తీసెయ్ బాబూ. హన్మకొండలో ఇరవై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్నా, ఈ డిష్ తిప్పే పిచ్చి మాత్రం జనానికి పోదు. పాత యాంటెనా రోజుల అలవాటది. అప్పుడు సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద ఉప్పు చల్లినట్టు వచ్చేది, కర్ర తిప్పితే తేటపడేది. ఇది డిజిటల్. సిగ్నల్ సరిపోతే బొమ్మ మొత్తం వస్తుంది, సరిపోకపోతే గళ్లు గళ్లుగా పగిలి ఆగిపోతుంది. మధ్యలో మసక అనేది ఉండదు. ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల అవతల ఉంది, ఇక్కడ నువ్వు వేలెడు కదిపితే అక్కడ గురి ఎటు పోతుందో చూసుకో. పండగంతా "నో సిగ్నల్" చదువుకుంటూ కూర్చోవాలి.

టీవీ వెనక ఏ వైరు పెట్టాడో చూసి చెప్పు. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులుంటే జబ్బు అదే.

గోదావరి_గట్టు | జనవరి 10, రాత్రి 10:11

టార్చి వేసి చూశాను. మూడు రంగులే మావా. బాక్స్ వైపు మూడు పిన్నులు, టీవీ వైపు ఇంకో చిన్న వైరు, హెడ్‌ఫోన్ పిన్నులాంటిది. హెచ్‌డీఎంఐ (బొమ్మ, శబ్దం రెండూ డిజిటల్‌గా ఒకే వైరులో వెళ్లే) రంధ్రం బాక్సుకి ఉంది, దుమ్ము పట్టి ఖాళీగా ఉంది.

పిక్సెల్_పంతులు | జనవరి 10, రాత్రి 10:40

హెచ్‌డీ బాక్స్, ఫోర్‌కే టీవీ, మధ్యలో పసుపు వైరు. గోదారంత నీళ్లు పెట్టుకుని సందులో ఇంకు ఫిల్లరు పట్టుకున్నట్టుంది.

నువ్వు చెప్పిన చీమలూ ఆ మిణుకుమిణుకు రంగులూ చూస్తే వైరు ఏదో అడగక్కర్లేదు. పసుపు వైరులో వెలుగు సమాచారం, రంగు సమాచారం రెండూ ఒకే తీగ మీద కలిసి వెళతాయి. పాల్ అనే మన కలర్ టీవీ పద్ధతిలో రంగుని 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర కూర్చోబెడతారు. సన్నని గీతలు, అంటే చీర అంచు, చెక్స్ చొక్కా, అక్షరాల చివరలు, ఇవి కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. టీవీ వాటిని విడదీయలేక గీతని రంగు అనుకుంటుంది, రంగుని చుక్కలు అనుకుంటుంది. అందుకే చీర అంచు మీద లేని రంగులు ఆడతాయి, అక్షరాల పక్కన చీమలు పాకుతాయి. డబ్బా టీవీలోనూ ఇవి ఉన్నాయి, 21 అంగుళాల మీద పది అడుగుల దూరం నుంచి కనపడలేదంతే.

ఇంకో లెక్క. పసుపు వైరు మీద ఎంత హెచ్‌డీ ఛానల్ పెట్టినా బాక్స్ దాన్ని 576 గీతలకి కుదించి పంపుతుంది. 720 ఇంటూ 576, అంటే 4,14,720 చుక్కలు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర 20,73,600 చుక్కలు, సరిగ్గా ఐదింతలు. మీ ఫోర్‌కే తెర 82,94,400, సరిగ్గా ఇరవై ఇంతలు. అంటే వచ్చిన ప్రతి ఒక్క చుక్క పక్కన పంతొమ్మిది చుక్కల్ని టీవీ తనే ఊహించి వేసుకుంటోంది. మొహాలకి మైనం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైందిగా. నాన్నగారి కళ్లజోడు బాగానే ఉంది, ఆయన మాట నిజమే.

రేపు హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి తెచ్చుకో.

బంగారు_పిన్ను | జనవరి 10, రాత్రి 11:05

కేబుల్ కొనేటప్పుడు మాత్రం చవకది తీసుకోకండి బ్రదర్. నేను గోల్డ్ ప్లేటెడ్, అల్లిక తొడుగు ఉన్నది 2,800 పెట్టి కొన్నా. రంగులు చిక్కగా, బ్లాక్ లోతుగా ఉంటాయి. ఫోర్‌కే టీవీకి రోడ్డు పక్క కేబుల్ పెడితే ఏం లాభం?

పిక్సెల్_పంతులు | జనవరి 10, రాత్రి 11:13

> రంగులు చిక్కగా, బ్లాక్ లోతుగా ఉంటాయి

కేబుల్‌కి రంగు చిక్కబరచడం రాదండీ. దానిలో పోయేది ఒకట్లూ సున్నాలూ. చేరితే ఉన్నదున్నట్టు చేరతాయి, చేరకపోతే తెల్ల చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మ క్షణం పోయి వస్తుంది. "కొంచెం తక్కువ నలుపు" అనేది సాధ్యమే కాదు. హెచ్‌డీ ఛానల్ బొమ్మకి కావలసింది సెకనుకి రెండు గిగాబిట్లు దాటి కొంచెం. హై స్పీడ్ అని రాసిన మామూలు కేబుల్ 10.2 గిగాబిట్లు మోస్తుంది. ఫోర్‌కే 60 ఫ్రేములకి 18 కావాలి, దానికి ప్రీమియం హై స్పీడ్ అని ఉంటుంది, మన డిష్ బాక్సుకి అదీ అక్కర్లేదు. మీటరున్నర కేబుల్ రెండు మూడొందల్లో వస్తుంది. పది పదిహేను మీటర్లు లాగాలంటే అప్పుడు మంచిది చూసుకోవాలి, ఒప్పుకుంటా.

బంగారు_పిన్ను | జనవరి 10, రాత్రి 11:20

నా కళ్లతో చూశా సార్ నేను. మీరు లెక్కలు చెప్తారు, నేను చూసింది చెప్తున్నా.

ఖైరతాబాద్_చాయ్ | జనవరి 10, రాత్రి 11:31

2,800 పెట్టాక తేడా కనపడకపోతే మనసుకి కష్టం కదండీ, కనపడుతుంది 😄

మెకానిక్_మావ | జనవరి 11, ఉదయం 6:50

కేబుల్ ధర సంగతి మీరు మీరు తేల్చుకోండి. నా దగ్గరికి పోర్టు పోయిన బోర్డులు వస్తాయి, ఆ కథ చెప్తా. రాజమండ్రి తమ్ముడూ, హెచ్‌డీఎంఐ గుచ్చే ముందు టీవీ ప్లగ్గు, బాక్స్ ప్లగ్గు రెండూ సాకెట్ నుంచి పీకెయ్. స్విచ్ ఆపడం కాదు, పీకడం. మన ఇళ్లలో చాలావాటికి ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. బాక్స్ అడాప్టరుకి రెండు కాళ్లే. బాక్స్ ఆన్‌లో ఉండగా డిష్ కేబుల్ ఇనప మొన మీద టెస్టర్ పెట్టి చూడు, సన్నగా వెలుగుతుంది. చెయ్యి పెడితే చీమ కుట్టినట్టు జివ్వుమంటుంది. మనిషికి అది పెద్దగా ఏం చేయదు గానీ, హెచ్‌డీఎంఐ పిన్ను లోపలికి వెళ్లేటప్పుడు ఆ కరెంటు చిప్పులోంచి దారి వెతుక్కుందంటే పోర్టు ఖతం. పసుపు పిన్నులు మొద్దువి, తట్టుకుంటాయి. ఇది సున్నితం.

ఉరుములు మెరుపులు వచ్చేలా ఉంటే, మొదలవక ముందే కరెంటు ప్లగ్గుతో పాటు డిష్ కేబుల్ మర కూడా విప్పాలి. అందరూ ప్లగ్గు పీకి ధీమాగా పడుకుంటారు, పిడుగు డిష్ వైపు నుంచి దిగుతుంది. వానాకాలంలో నాకు వచ్చే బోర్డులు చూస్తే ఏ దారిన పోయిందో చెప్పేస్తా.

గోదావరి_గట్టు | జనవరి 11, మధ్యాహ్నం 1:15

మావా, అలాగే రెండూ పీకి పెట్టాను. 250కి కొన్నా కేబుల్. ఆన్ చేస్తే తెరంతా నల్లగా "నో సిగ్నల్". నాన్న నా వైపు చూసిన చూపు మీకు చెప్పలేను. పది నిమిషాలు చెమటలు పట్టాయి, తీరా టీవీ ఇంకా ఏవీ (ఆ పాత మూడు రంగుల వైరు) లోనే ఉంది! రిమోట్‌లో సోర్స్ నొక్కి హెచ్‌డీఎంఐ 2 పెట్టగానే బొమ్మ వచ్చింది. అక్షరాల పక్క చీమలు లేవు, చీర అంచు చీర అంచులా ఉంది. నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

కానీ రెండు బాధలు. బొమ్మ నాలుగు పక్కలా కొంచెం కోసేసినట్టుంది, న్యూస్‌లో కింద స్క్రోలింగ్ సగం అక్షరాలే కనపడుతున్నాయి, దీర్ఘాలు ఉంటే కొమ్ములు లేవు. రెండోది, సీరియల్లో మనుషులు పొట్టిగా, లావుగా ఉన్నారు. అమ్మ "అందరూ పండక్కి బాగా తిన్నట్టున్నారు" అంటోంది.

ఖైరతాబాద్_చాయ్ | జనవరి 11, మధ్యాహ్నం 1:40

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి 😄 మా పీజీలో కూడా ఇదే జరిగింది, నాలుగు నెలలు అందరం లావు హీరోలనే చూశాం, ఎవరూ పట్టించుకోలేదు.

అంచులు కోయడాన్ని ఓవర్‌స్కాన్ అంటారు. డబ్బా టీవీల కాలంలో అంచు వంకరగా ఉండేదని బొమ్మని కొంచెం పెద్దది చేసి అంచులు చట్రం కింద దాచేవాళ్లు. ఇప్పుడు ఆ అవసరం లేదు, అయినా చాలా టీవీలు కొన్నప్పుడు అదే సెట్టింగుతో వస్తాయి. అది ఆపేయాలి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది: ఎల్‌జీలో జస్ట్ స్కాన్, శామ్‌సంగ్‌లో స్క్రీన్ ఫిట్ లేదా ఫిట్ టు స్క్రీన్, సోనీలో డిస్‌ప్లే ఏరియాలో ఫుల్ పిక్సెల్. ఇది పెడితే అంచులు రావడమే కాదు, బొమ్మ కూడా ఒక పిసరు పదునవుతుంది, ఎందుకంటే టీవీ దాన్ని సాగదీయడం మానేస్తుంది.

లావు మనుషుల సంగతి. పాత సీరియళ్లు, పాత సినిమాలు 4:3 (వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు) కొలతలో ఉంటాయి, మీ తెర 16:9. బాక్స్ మెనూలో స్ట్రెచ్ ఉంటే తీసేసి నార్మల్ లేదా పిల్లర్ బాక్స్ పెట్టండి. పక్కన రెండు నల్ల పట్టీలు వస్తాయి. "డబ్బులిచ్చి కొన్న తెర అంతా వాడట్లేదే" అని ఇంట్లో గొడవ అవుతుంది, తట్టుకోవాలి.

ఒంగోలు_మేష్టారు | జనవరి 11, సాయంత్రం 4:20

ఈ చర్చ చదువుతూ నా గోడు కూడా చెప్పుకోవచ్చా అనిపించి రాస్తున్నాను. నేను రిటైర్డ్ లెక్కల మాష్టారిని. నెలనెలా కట్టే ఓపిక లేక డీడీ ఫ్రీ డిష్ పెట్టుకున్నాను, 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ అని మొదలైనప్పటి నుంచి అదే. బాక్స్ పాతది, హెచ్‌డీఎంఐ లేదు, మూడు పిన్నులే. మొన్న మా అమ్మాయి 32 అంగుళాల టీవీ పంపింది. పెట్టిన దగ్గర నుంచి బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తోంది, పైగా వణుకుతోంది, గుయ్యిమని శబ్దం. నాకు బ్లాక్ అండ్ వైట్ అలవాటే గానీ, మా ఆవిడ ఊరుకోవడం లేదు. టీవీ వాపసు ఇచ్చేయమంటారా?

పిక్సెల్_పంతులు | జనవరి 11, సాయంత్రం 5:02

మేష్టారూ, వాపసు ఇవ్వకండి. టీవీ మంచిదే అయి ఉంటుంది. ఒక్క ప్రశ్న: టీవీ వైపు మూడు గుండ్రటి రంధ్రాలున్నాయా, లేక ఒకే చిన్న రంధ్రమా?

గుండ్రటివైతే, పసుపు పిన్ను పెట్టాల్సిన రంధ్రం చుట్టూ ఆకుపచ్చ రంగు కూడా ఉందేమో చూడండి. చాలా టీవీల్లో ఆ ఒక్క రంధ్రమే రెండు పనులకి వాడతారు. సోర్స్‌లో కాంపొనెంట్ అని ఎంచుకుంటే టీవీ దాంట్లో వెలుగు మాత్రమే వెతుకుతుంది, రంగు వేరే వైర్లలో వస్తుందనుకుంటుంది. అప్పుడు బ్లాక్ అండ్ వైట్. సోర్స్‌ని ఏవీ అని మార్చండి.

ఒంగోలు_మేష్టారు | జనవరి 11, సాయంత్రం 5:30

ఒకే చిన్న రంధ్రం బాబూ. దానికి సరిపోయే వైరు పాత వీడియో కెమెరాది ఇంట్లో ఉంటే అదే పెట్టాను.

మెకానిక్_మావ | జనవరి 11, రాత్రి 8:10

ఆఁ, దొరికింది. మేష్టారూ, ఆ చిన్న పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, అంటే నాలుగు గదులు. ఏ గదిలో బొమ్మ, ఏ గదిలో శబ్దం, ఏది ఎర్తు అన్నది అందరూ ఒకేలా పెట్టలేదు. చూడ్డానికి ఒకటే పిన్ను, లోపల వరస వేరు. కెమెరా వైరు చాలావాటిలో బొమ్మ పసుపులో కాకుండా ఎరుపులో వస్తుంది. టీవీ అట్టపెట్టెలో చిన్న ప్లాస్టిక్ సంచిలో వాళ్లిచ్చిన వైరు ఉంటుంది, వెతికి అది పెట్టండి. దొరక్కపోతే రంగులు మరిచిపోయి, బాక్స్ వెనక పసుపు రంధ్రంలో ఎరుపు పిన్ను పెట్టి చూడండి. పిన్నులు అటూఇటూ మార్చితే ఏమీ కాలిపోదు, భయపడకండి.

కొత్తది కొనే ఉద్దేశం ఉంటే ఇప్పుడొచ్చే ఫ్రీ డిష్ బాక్సుల్లో హెచ్‌డీఎంఐ ఉంటుంది, ఎంపెగ్ 4 (బొమ్మని కుదించి పంపే కొత్త పద్ధతి) ఉన్నది అడిగి తీసుకోండి. పాత ఎంపెగ్ 2 బాక్సులో కొన్ని ఛానళ్లు అసలు రావు.

క్రికెట్_పిచ్చి | జనవరి 11, రాత్రి 9:25

గట్టు బ్రో, అంచుల సంగతి అయ్యాక బాక్స్ మెనూలోకి వెళ్లి వీడియో అవుట్‌పుట్ ఎంతలో ఉందో చూడు. నాది 576లోనే ఉండిపోయింది, హెచ్‌డీఎంఐ పెట్టి ఆర్నెల్లు హెచ్‌డీ చూస్తున్నానని మురిసిపోయా. 720పీ (720 గీతలు, ప్రతిసారీ పూర్తి బొమ్మ) పెట్టుకో, క్రికెట్‌కి అదే బెస్ట్. 1080ఐ (1080 గీతలు, ఒక్కోసారి సగం బొమ్మ) పెడితే బంతి పరిగెత్తేటప్పుడు దువ్వెన పళ్లలా చీలుతుంది.

పిక్సెల్_పంతులు | జనవరి 11, రాత్రి 9:48

దీంతో నేను ఒప్పుకోను. మన దేశంలో హెచ్‌డీ ఛానళ్లు ప్రసారమయ్యేదే 1080ఐలో, సెకనుకి 50 సగం బొమ్మలు, ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు. ఎవరో ఒకరు వాటిని జత చేయాలి. 720పీ పెడితే ఆ పని బాక్స్ చేసి, పైగా కుదించి పంపుతుంది. దాన్ని టీవీ మళ్లీ సాగదీస్తుంది. కుదించి సాగదీసిన లుంగీ మళ్లీ అదే లుంగీ అవుతుందా? 1080ఐ పెట్టి జత చేసే పని టీవీకి వదిలేయడం మేలు, ఓ మాదిరి టీవీలో ఉన్న చిప్పు కూడా బాక్సులో దానికన్నా మంచిదే అయి ఉంటుంది.

క్రికెట్_పిచ్చి | జనవరి 11, రాత్రి 9:55

మరి నా టీవీలో దువ్వెన పళ్లు ఎందుకు వచ్చాయి? నేను కలగన్నానా?

పిక్సెల్_పంతులు | జనవరి 11, రాత్రి 10:10

కల కాదు. మీ టీవీ ఏది? చవకరకం 32 అయితే తెర 1366 ఇంటూ 768, అందులో జత చేసే చిప్పు బలహీనంగా ఉండొచ్చు. దానికి 720పీ పెట్టుకుంటే పోయేదేమీ లేదు, తెరే అంత. గట్టుది 43 ఫోర్‌కే. రెండూ పెట్టి ఒకే మ్యాచ్ పది నిమిషాలు చూడండి, ఎవరి టీవీకి ఏది నప్పితే అది.

బంతి వెనక తోకలా వస్తోందంటే మాత్రం అది వేరే సంగతి, మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉండి టీవీ లేని బొమ్మల్ని మధ్యలో కల్పించి వేస్తోందన్నమాట. ట్రూమోషన్, మోషన్‌ఫ్లో అని ఏవో పేర్లు. ఆపేయండి. సినిమాలు సీరియల్లా కనపడటం కూడా పోతుంది.

క్రికెట్_పిచ్చి | జనవరి 11, రాత్రి 10:14

32 అంగుళాలదే. సరే, గెలిచారు. సగం.

దమ్మాం_రాజన్న | జనవరి 12, తెల్లవారుజామున 1:30

మాది జగిత్యాల, ఇక్కడ సౌదీలో క్యాంపులో ఉంటున్నా. మా రూములో ఆరుగురికి ఒకటే టీవీ. ఇక్కడ డిష్‌లు నైల్‌శాట్ (7 డిగ్రీల పడమర), అరబ్‌శాట్ (26 డిగ్రీల తూర్పు) ఉపగ్రహాల వైపు పెట్టుకుంటారు, ఫ్రీ ఛానళ్లు బాగా వస్తాయి, తెలుగు మాత్రం ఫోన్లోనే చూసుకోవాలి. పాత రిసీవర్‌కి స్కార్ట్ అని వెడల్పుగా ఇరవై ఒక్క పిన్నుల ముక్క ఉండేది, మన దగ్గర ఎప్పుడూ చూడలేదు. మెనూలో సీవీబీఎస్ (పసుపు వైరు లెక్క అన్నీ కలిపి పంపేది) ఉంటే ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పంపేది) అని మార్చినం, అదే వైరు మీద బొమ్మ తేటగా అయింది. వైరు అదే, రిసీవర్ పంపే పద్ధతి మారిందంతే. మీ ముచ్చట చదివితే అది యాదికొచ్చింది. పండుగకి ఇంటికి పోయినోళ్లు అదృష్టవంతులు.

గోదావరి_గట్టు | జనవరి 12, ఉదయం 10:05

రాజన్నా, వచ్చే సంక్రాంతికి మీరూ ఇంట్లోనే ఉండాలని కోరుకుంటున్నా.

ఇక్కడి సంగతి. ఓవర్‌స్కాన్ ఆపేశా, స్క్రోలింగ్ కొమ్ములతో సహా వచ్చింది. బాక్స్ అవుట్‌పుట్ 720పీలో ఉంది, 1080ఐ చేశా. మనుషులు సన్నబడ్డారు, పక్క పట్టీలు చూసి తమ్ముడు గొడవ చేశాడు, అమ్మ నా పక్షం.

అయినా ఈటీవీ పెడితే ఇంకా కొంచెం మసగ్గానే ఉంది. నాన్న మర్యాదకి "బాగానే ఉందిలే" అంటున్నారు, ఆ గొంతు నాకు తెలుసు. ఇంకేం మిగిలింది?

ఖైరతాబాద్_చాయ్ | జనవరి 12, ఉదయం 10:20

నాన్నగారు నొక్కే ఛానల్ నంబరు ఎస్‌డీ (హెచ్‌డీ కాని మామూలు తేట) దేమో? ఈటీవీకి ఈటీవీ హెచ్‌డీకి నంబర్లు వేరు. స్టార్ మా, జీ తెలుగు, జెమినీకి కూడా అంతే, దేనికదే రెండు ఉంటాయి. పెద్దవాళ్లు పదేళ్లుగా నొక్కిన నంబరే నొక్కుతారు.

గోదావరి_గట్టు | జనవరి 12, ఉదయం 11:12

అక్కా, మీరు చెప్పిందే. పైగా హెచ్‌డీ నంబరు నొక్కితే "మీరు ఈ ఛానల్ తీసుకోలేదు" అని వస్తోంది. మూడేళ్లుగా హెచ్‌డీ బాక్స్ పెట్టుకుని ఎస్‌డీ ప్యాకే కడుతున్నారట. పెట్టినవాడు చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

పిక్సెల్_పంతులు | జనవరి 12, ఉదయం 11:30

సగం ఇళ్లలో ఇదే కథ. ప్యాక్ మొత్తం మార్చక్కర్లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది, కావలసిన ఛానల్ ఒక్కటే విడిగా ఎంచుకోవచ్చు. ఇంట్లో చూసే మూడు నాలుగింటికి హెచ్‌డీ తీసుకుని, వాటి ఎస్‌డీలు తీసేయించండి, లేకపోతే రెండింటికీ కట్టాలి.  న్యూస్ ఛానళ్లు చాలావరకు ఎస్‌డీలోనే ఉన్నాయి, వాటికి ఏం చేసినా ఇంతే.

ఇంకొకటి. హెచ్‌డీ అని రాసున్నవన్నీ ఒకే తేటలో ఉండవు. ఉపగ్రహంలో ఛానళ్లని కిందికి పంపే ఒక్కో ట్రాన్స్‌పాండర్ మీద ఎన్నో ఛానళ్లు సర్దుతారు, మైదానంలో గడ్డి, వాన, పూలు చల్లే సీను వచ్చినప్పుడు సర్దలేక గళ్లు గళ్లుగా కనపడుతుంది. అది మన ఇంట్లో బాగయ్యేది కాదు, దానికోసం కేబుల్ మార్చొద్దు.

బంగారు_పిన్ను | జనవరి 12, ఉదయం 11:41

నన్నే అంటున్నారని తెలుస్తోంది.

మెకానిక్_మావ | జనవరి 12, మధ్యాహ్నం 12:30

టీవీ పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉందా? షాపులో ట్యూబ్‌లైట్ల కింద మెరవడానికి పెడతారు, ఇంట్లో మొహాలు టమాటాల్లా వస్తాయి. స్టాండర్డ్ లేదా సినిమా పెట్టు. షార్ప్‌నెస్ తగ్గించెయ్, ఎక్కువ పెడితే మనిషి చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీత వస్తుంది. కరెంటు ఆదా మోడ్ ఆన్‌లో ఉంటే బొమ్మ మసకబారుతుంది, అదీ చూడు.

బ్లాక్ లెవెల్ అని ఇంకోటుంటుంది, లో, హై. రాత్రి సీను పెట్టి రెండూ మార్చి చూడు. చీకటి బూడిద రంగులో ఉంటే తప్పు, నల్ల కోటులో మడతలు మొత్తానికే కనపడకపోయినా తప్పు. మడతలు కనపడుతూ చీకటి చీకటిలా ఉండాలి.

గోదావరి_గట్టు | జనవరి 13, రాత్రి 8:47

నాలుగు హెచ్‌డీ ఛానళ్లు తీసుకున్నా, ఎస్‌డీలు తీసేయించా, అరగంటలో యాక్టివేట్ అయ్యాయి. రిమోట్ వెనక తెల్ల కాగితం అంటించి కొత్త నంబర్లు పెద్ద అక్షరాలతో రాశా. వివిడ్ తీసేస్తే మొదట "రంగు తగ్గిందేంట్రా" అన్నారు, గంటకి అలవాటైంది. ఒక్క తేడా, హెచ్‌డీ ఛానల్‌లో శబ్దం అసలు రాలేదు, బాక్స్ ఆడియోలో డాల్బీ (కుదించిన శబ్దం) ఉంటే పీసీఎం (కుదించని మామూలు శబ్దం) చేశా, వచ్చింది. మా పాత హోమ్ థియేటర్‌కి ఆ డాల్బీ అర్థం కాలేదన్నమాట.

ఇందాక నాన్న తెర దగ్గరికి వెళ్లి నిలబడి యాంకరమ్మ ముక్కుపుడక చూసి "రాయి ఎరుపా! ఇన్నాళ్లూ తెలుపనుకున్నా" అన్నారు. అటక మీది డబ్బా టీవీని రేపు పాత సామాన్లవాడికి ఇచ్చేయమన్నారు. ఇచ్చేస్తే ఎంత వస్తుంది మావా?

మెకానిక్_మావ | జనవరి 13, రాత్రి 9:02

నాకిచ్చెయ్ అనేవాణ్ని గానీ దూరం. రెండొందలు వస్తే గొప్ప. వాడు అక్కడే రాయి పెట్టి పగలగొట్టకుండా చూడు, ఆ గాజులో సీసం ఉంటుంది. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లుంటే వాళ్లకే ఇవ్వు.

క్రికెట్_పిచ్చి | జనవరి 13, రాత్రి 9:10

నాదీ చెప్పేస్తా, 1080ఐ మళ్లీ పెట్టి చూశా. మోషన్ ఏదో ఆపేశాక తోక పోయింది, దువ్వెన పళ్లు మాత్రం ఉన్నాయి. 720పీకే వచ్చేశా.

ఒంగోలు_మేష్టారు | జనవరి 14, ఉదయం 7:35

అందరికీ భోగి శుభాకాంక్షలు. టీవీ అట్టపెట్టె నిన్ననే భోగి మంటకి తీసిపెట్టారు పిల్లలు, అందులోంచి వెతికితే చిన్న సంచీ దొరకలేదు. మావగారు చెప్పినట్టు బాక్స్ పసుపు రంధ్రంలో ఎరుపు పిన్ను, ఎరుపు దాంట్లో పసుపు పెట్టాను. గుయ్యిమనే శబ్దం ఆగిపోయింది. రంగులు వచ్చాయి. మా ఆవిడ మీ అందరికీ అరిసెలు పంపమంటోంది, ఎలా పంపాలో తెలియడం లేదు.